సగటు చాటున చేను: తెలుగు నేలల్లో దిగుబడి పటాల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• ఒకే చేనులో నేల ఎందుకు మారుతుందో, దాని వల్ల దిగుబడి ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
• శిస్తు కోసం జరిగిన నేలల వర్గీకరణకూ నేటి కచ్చితత్వ సేద్యానికీ ఉన్న పోలికలను, తేడాలను గుర్తించగలుగుతారు.
• పంట కోత ప్రయోగం, దిగుబడి మానిటరు, ఉపగ్రహ చిత్రం పనిచేసే తీరును చిన్న లెక్కలతో చెప్పగలుగుతారు.
• దిగుబడి పటం వల్ల ఎవరికి మేలు జరుగుతుంది, ఎవరు మిగిలిపోతారు అనే ప్రశ్నను చారిత్రక దృష్టితో చర్చించగలుగుతారు.

1. పరిచయం

మీలో కొందరు ఏదో ఒక పని మీద జూబ్లీహిల్స్‌లోని మన విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వచ్చే ఉంటారు. ఆ పక్కనే ఫిల్మ్‌నగర్. అక్కడ ఒక సినిమా శుక్రవారం విడుదలైతే సోమవారానికి అందరి నోటా ఒకటే లెక్క: నైజాంలో ఎంత వచ్చింది, సీడెడ్‌లో ఎంత, ఆంధ్రాలో ఎంత? ఈ మాటలు వాడేవారిలో చాలామందికి వాటి వెనుక ఉన్న చరిత్ర తెలియదు. నిజాం పాలన 1948 సెప్టెంబరులో ముగిసింది. సీడెడ్ అన్న మాట ఇంకా పాతది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలకు కంపెనీ పెట్టిన పేరు అది. వాటినే తెలుగులో దత్తమండలాలు అన్నారు. 1928 నుంచి రాయలసీమ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ప్రభుత్వ కాగితాల్లోంచి ఏనాడో తొలగిపోయిన సీడెడ్ అన్న ఆ రెవెన్యూ మాట సినిమా పంపిణీదారుల లెక్కల్లో మాత్రం నేటికీ బతికి ఉంది.

ఇందులో చరిత్ర విద్యార్థి గమనించవలసిన విషయం ఒకటి ఉంది. సినిమా పంపిణీదారుడు అన్ని ప్రాంతాల వసూళ్లను కలిపి సగటు తీసుకుని ఊరుకోడు. ఎక్కడ ఎంత అన్నదే అతనికి ముఖ్యం, ఎందుకంటే వచ్చే సినిమాకు ఏ ప్రాంతంలో ఎంత పెట్టుబడి పెట్టాలో ఆ లెక్కే చెబుతుంది. రైతుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చేనులో ఏ మూల ఎంత పండిందో తెలిస్తేనే ఏ మూల ఎంత ఎరువు వేయాలో తెలుస్తుంది. అయితే రెండు వందల ఏళ్లుగా మన ప్రభుత్వాలు, సంస్థలు రైతు చేనును చూసినప్పుడల్లా చివరికి ఒక సగటు అంకెనే రాసుకున్నాయి. ఆ సగటు ఎలా పుట్టింది, దాన్ని విడదీసే ప్రయత్నాలు ఎప్పుడు మొదలయ్యాయి, అవి ఎంతవరకు వచ్చాయి అన్నదే ఈ పాఠం విషయం.

2. నేల ఎందుకు మారుతుంది?

ముందు నేల సంగతి చూద్దాం. జూబ్లీహిల్స్ బండల గుట్ట. ఈ బండ గ్రానైటు. భవనాలు లేచిన తరువాత కూడా అక్కడక్కడా బండరాళ్లు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. తెలంగాణలో ఎక్కువ భాగం కింద ఉన్నది ఇటువంటి బండే. వేల ఏళ్లుగా ఎండకూ వానకూ ఆ బండ చితికి నేల అవుతుంది. వాలు పైభాగంలో మెత్తని మట్టి కొట్టుకుపోయి, పలుచని, గరుకైన ఎర్రనేల మిగులుతుంది. నడుమ కాస్త లోతైన చల్క ఉంటుంది. దిగువన బంకమన్ను, సున్నం చేరి నేల నల్లబడుతుంది. ఒకే వాలు మీద ఇలా వరుసగా మారే నేలలను ఒక గొలుసుగా చూడాలని జి. మిల్నే అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశీలనల ఆధారంగా 1935లో ప్రతిపాదించాడు. ఆ గొలుసుకు ఆయన ‘కెటీనా’ అని పేరు పెట్టాడు.

మన రైతులకు ఇది పుస్తకం చెప్పవలసిన సంగతి కాదు. చల్క, దుబ్బ, గరప, రేగడి, ఒండ్రు, చౌడు అన్న పేర్లు వాళ్లవే. చల్క నీటిని త్వరగా తాగి త్వరగా వదిలేస్తుంది. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి, తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. వాన సకాలంలో పడిన ఏడాది చల్క బాగా పండవచ్చు. వాన ముందే ఆగిపోయిన ఏడాది అదే చేను దిగువన ఉన్న రేగడి నిలబడుతుంది. కాబట్టి ఒకే చేను, ఒకే విత్తనం, ఒకే రైతు అయినా దిగుబడి ఒకటి కాదు. అది స్థలాన్ని బట్టే కాక ఏడాదిని బట్టి కూడా మారుతుంది. ఈ రెండో మాటను గుర్తుంచుకోండి, పాఠం చివర మళ్లీ పనికొస్తుంది.

3. శిస్తు కోసం గీసిన గళ్లు

తెలుగు నేలల్లో పొలం పొలానికీ కొలత వేసి, నేల రకాన్ని రాసే పని పెద్ద ఎత్తున మొదలైంది దత్తమండలాల్లోనే. 1800 నుంచి 1807 దాకా అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో సర్వే చేయించి, పొలాలను తరగతులుగా విడదీసి రైతువారీ శిస్తు నిర్ణయించాడు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇందుకోసం ప్రత్యేక శాఖనే ఏర్పాటు చేసింది. నల్లరేగడి, ఎర్రనేల, ఇసుకనేల అని మొదట విడదీసి, వాటిని మళ్లీ బంకమన్ను, ఇసుక పాళ్లను బట్టి, మంచి చెడులను బట్టి విడదీసేవారు. దాదాపు ఒకే దిగుబడి ఇచ్చే నేలలన్నిటినీ కలిపి ఒక ‘తరం’ అనేవారు. ఆ తరం నేలలో ఎకరానికి ఎంత పండుతుందో కోసి చూసి, ధర కట్టి, సాగు ఖర్చులు, అకాల పరిస్థితుల నష్టాలు తీసివేసి, మిగిలిన నికర ఉత్పత్తిలో సగాన్ని శిస్తుగా నిర్ణయించేవారు. ఈ రేటు సాధారణంగా ముప్ఫై ఏళ్లు అమలులో ఉండేది. ఉత్తర సర్కారుల్లోని జమీందారీ గ్రామాల సంగతి వేరు. 1802 నాటి శాశ్వత పరిష్కారం వల్ల జమీందారు కట్టవలసిన మొత్తం ముందే స్థిరపడింది కనుక, అక్కడ పొలం వారీ నేలల లెక్క ప్రభుత్వానికి చాలాకాలం అవసరం కాలేదు.

హైదరాబాదు రాజ్యంలో దారి మరొకటి. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న కాలంలో రెవెన్యూ సంస్కరణలు జరిగాయి. 1870లలో మొదలైన సర్వే, బందోబస్తు పని బొంబాయి పద్ధతిని అనుసరించింది. ఆ పద్ధతికి మూలం గోల్డ్‌స్మిడ్, వింగేట్, డేవిడ్సన్ అనే ముగ్గురు అధికారులు 1847లో సమర్పించిన ఉమ్మడి నివేదిక. అందులోని వర్గీకరణ విధానం మన పాఠానికి చాలా ముఖ్యం.

వర్గీకరణ చేసే ఉద్యోగి ముందుగా చేను ఆకారాన్ని కాగితం మీద గీసేవాడు. దాన్ని దాదాపు సమానమైన గళ్లుగా విడదీసేవాడు. ప్రతి గడికీ సరిపడే చోట నేలను తవ్వి లోతు చూసేవాడు. నేల రంగు, మెత్తదనం, లోతులను బట్టి ఆ గడికి ఒక తరగతి ఇచ్చేవాడు. సున్నపు గులకలు కలిసినా, ఇసుక ఎక్కువైనా, నేల వాలుగా ఉన్నా, నీరు నిలిచినా ఒక్కో లోపానికీ ఒక్కో గుర్తు పెట్టి ఒక్కో తరగతి తగ్గించేవాడు. ఒక్కో తరగతికి అణాలలో ఒక విలువ ఉండేది. లోతైన, లోపంలేని మేలిరకపు నేలకు పదహారణాలు.

ఒక లెక్క చూద్దాం. ఒక చేనులో ఎనిమిది గళ్లు ఉన్నాయనుకోండి. దిగువన ఉన్న నాలుగు గళ్లకు 14 అణాల చొప్పున, నడిమి రెండింటికి 10 చొప్పున, పైనున్న రెండింటికి 6 చొప్పున విలువ వచ్చింది. మొత్తం 56, 20, 12 కలిపి 88 అణాలు. ఎనిమిదితో భాగిస్తే 11 అణాలు. రిజిస్టరులోకి ఎక్కేది ఈ 11 మాత్రమే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ చేనులో 11 అణాల నేల ఏ గడిలోనూ లేదు. సర్వే ఉద్యోగి చేను లోపలి తేడాను చూశాడు, కొలిచాడు, రాశాడు కూడా. శిస్తు ఒక సర్వే నంబరుకు ఒక మొత్తంగా వసూలు కావాలి కనుక చివరికి దాన్ని కరిగించి సగటు చేశాడు. నేటి కచ్చితత్వ సేద్యంలో చేసే గళ్ల మట్టి పరీక్షకు ఇది కాగితం మీది పూర్వరూపమని చెప్పవచ్చు. తేడా ప్రయోజనంలో ఉంది. పటం శిస్తు కచ్చేరీకి చేరింది గాని రైతు చేతికి రాలేదు. తెలంగాణ గ్రామాల భూమి తగాదాల్లో సేత్వార్, టీపన్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అన్న పేర్లు మీరు వినే ఉంటారు. ఈ రికార్డుల పరంపర భూమి ఎవరిదో తేల్చడానికి నేటికీ పనికొస్తోంది. నేల ఎటువంటిదో తెలుసుకోవడానికి వాటిని తెరిచేవారు అరుదు.

స్వయం పరీక్ష
(అ) ‘తరం’ అంటే ఏమిటి?
(ఆ) పై ఉదాహరణలో పైభాగపు రెండు గళ్ల విలువ 2 అణాల చొప్పున ఉంటే చేను మొత్తం విలువ ఎంత? ఆ అంకె చేనులోని ఏ భాగాన్ని సరిగా వర్ణిస్తుంది?

4. పదహారణాల పంట నుంచి పంట కోత ప్రయోగం దాకా

నేల విలువనే కాదు, పంటను కూడా అణాలలోనే చెప్పేవారు. మామూలు ఏడాది పంట పదహారణాలు అనుకుంటే ఈ ఏడాది పది అణాలా, పన్నెండా అని గ్రామాధికారి కంటితో చూసి అంచనా వేసేవాడు. శిస్తు మాఫీ కావాలంటే అంకె తగ్గాలి, పై అధికారి మెప్పు కావాలంటే పెరగాలి. కంటి అంచనాలో ఈ రెండు ఒత్తిళ్లూ ఉండేవి.

దీనికి విరుగుడు గణాంకశాస్త్రం నుంచి వచ్చింది. బీహార్-ఒరిస్సాలో జె.ఎ. హబ్బాక్ అనే అధికారి 1920లలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న చిన్న చిన్న ముక్కల్లో వరి కోయించి, సగటు దిగుబడిని లెక్కగట్టే పద్ధతిని ఆచరించి చూపాడు. తరువాత బెంగాల్‌లో పి.సి. మహలనోబిస్ నమూనా సర్వేలను విస్తరించారు. 1940లలో పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే పంట కోత ప్రయోగాలను దేశవ్యాప్త పద్ధతిగా తీర్చిదిద్దారు.

మన దగ్గర వరి వంటి పంటకు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ముక్కను ఎంచుకుంటారు. ఎక్కడ మేకు పాతాలో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెబుతుంది. రైతుగాని ఉద్యోగిగాని తమకు నచ్చిన చోటును ఎంచుకోకూడదు. ఆ 25 చదరపు మీటర్లలో 12.5 కిలోల ధాన్యం వచ్చిందనుకోండి. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు కనుక 400తో గుణిస్తే హెక్టారుకు 5,000 కిలోలు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక ఎకరాకు రమారమి 2,020 కిలోలు.

ఈ పద్ధతి జిల్లాకో మండలానికో నమ్మదగిన సగటును ఇచ్చింది. కంటి అంచనాతో పోలిస్తే ఇది గొప్ప ముందడుగు. కాని ఒక చేనులోని ఒక ముక్క ఆ చేను మొత్తాన్ని గురించి చెప్పలేదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ కేంద్రంలో మెర్సర్, హాల్ అనే పరిశోధకులు ఒక ఎకరం గోధుమ చేనును 500 ముక్కలుగా కోసి, విడివిడిగా తూచి 1911లో ఫలితాలు ప్రచురించారు. చూపుకు ఒకే తీరుగా ఉన్న చేనులో కూడా ముక్క ముక్కకూ తూకం మారింది. చేను లోపలి తేడాను అంకెల్లో చూపిన తొలి దిగుబడి పటాలలో దీన్ని ఒకటిగా చెప్పుకోవచ్చు. ఎన్ని ముక్కలు, ఎంత పెద్దవి కోస్తే సగటు నమ్మదగినదవుతుందో తేల్చడమే వారి ఉద్దేశం. అంటే అక్కడ కూడా తేడాను కొలిచింది సగటును బాగుచేసుకోవడానికే.

5. పటాన్‌చెరు, అనంతపురం, బాలానగర్

1970లలో ఈ చరిత్ర హైదరాబాదు చుట్టుపక్కలకు చేరింది. జూబ్లీహిల్స్‌కు వాయవ్యంగా ఉన్న పటాన్‌చెరులో 1972లో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. సుమారు 1,400 హెక్టార్ల ఆ క్షేత్రానికి ఒక ప్రత్యేకత ఉంది. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఒకే వాన కింద రెండు నేలలు ఎలా స్పందిస్తాయో పక్కపక్కనే చూడవచ్చు. నల్లరేగడిలో వానాకాలం భూమిని ఖాళీగా ఉంచి, వానలు వెనుకబట్టాక ఒక్క పంట వేయడం పాత ఆనవాయితీ. 1976లో మొదలైన దీర్ఘకాలిక ప్రయోగంలో వెడల్పాటి మడులు, కాలువలు, అంతర పంటలు, తగినంత ఎరువుతో హెక్టారుకు ఏడాదికి సగటున 5.1 టన్నుల ధాన్యం పండగా, పాత పద్ధతిలో 1.1 టన్నులే పండింది. నేలను బట్టి సేద్యం మారితే ఎంత తేడా వస్తుందో ఈ ప్రయోగం చెబుతోంది.

అదే దశాబ్దంలో పైనుంచి చూసే ప్రయత్నం మొదలైంది. 1974-75లో అంతరిక్ష పరిశోధనా సంస్థ, భారత వ్యవసాయ పరిశోధనా మండలి కలిసి అనంతపురం, పంజాబులోని పటియాలా జిల్లాలలో విమానం నుంచి ఇన్‌ఫ్రారెడ్ రంగు ఫోటోలు తీసి పంటలను గుర్తించే ప్రయోగం చేశాయి. మన్రో సర్వే చేయించిన దత్తమండలాలలోనే ఈ ప్రయోగమూ జరగడం గమనించదగినది. హైదరాబాదులో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ తరువాత బాలానగర్ కేంద్రంగా ఈ పనిని ముందుకు తీసుకువెళ్లింది. 1988 మార్చి 17న మన తొలి దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ కక్ష్యలోకి వెళ్లింది.

ఉపగ్రహం దిగుబడిని నేరుగా చూడదు. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని సమీప ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఎక్కువగా తిప్పి పంపుతుంది. ఈ రెండింటి తేడాను బట్టి పైరు ఎంత ఏపుగా ఉందో లెక్కగట్టి, దిగుబడిని ఊహిస్తారు. ఆ ఊహ సరైనదో కాదో నేల మీది పంట కోత ప్రయోగంతోనే సరిచూసుకోవాలి. పాత పద్ధతి పునాదిగా ఉండగానే కొత్తది దానిపైన లేచింది.

చిత్రంలోని ఒక చుక్క నేల మీద ఎంత మేరను సూచిస్తుందన్నది మరో ముఖ్య విషయం. ఐఆర్ఎస్-1ఎలోని ఒక కెమెరాకు చుక్క 72.5 మీటర్ల చదరం, అంటే సుమారు 5,256 చదరపు మీటర్లు, ఒక ఎకరం మీద పది గుంటలకు పైగా. ఎకరం రైతు చేను ఆ చిత్రంలో ఒక్క చుక్క కూడా నిండదు. 2015లో మొదలైన ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహాల చుక్క 10 మీటర్ల చదరం. ఎకరంలో నలభై చుక్కలు పడతాయి. అంటే చుక్కకు దాదాపు ఒక గుంట. చిన్న రైతు చేను లోపలి తేడా ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రంలో కనిపించే స్థితి వచ్చి పదేళ్ల పైమాటే.

6. యంత్రం గీసిన పటం

కచ్చితత్వ సేద్యం అంటే చేను మొత్తానికి ఒకే మోతాదు కాక, ఎక్కడికి ఎంత కావాలో అక్కడికి అంత ఇవ్వడం. ఈ ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్స్‌లీ, బావర్ 1929లోనే చేను అంతటా గళ్ల వారీగా మట్టి పుల్లదనాన్ని పరీక్షించి, పటం గీసుకుని, అవసరమైన చోటే సున్నం వేయమని రైతులకు సలహా ఇచ్చారు. బొంబాయి సర్వే ఉద్యోగి గీసిన గళ్లూ ఇవీ ఒకే పోలిక. ఈసారి మాత్రం పటం రైతు చేతిలో ఉంది.

1990లలో రెండు సాధనాలు కలిశాయి. ఒకటి కోత యంత్రానికి అమర్చే దిగుబడి మానిటరు. రెండోది ఉపగ్రహాల ఆధారంగా స్థానాన్ని చెప్పే జీపీఎస్. అది 1995లో పూర్తిస్థాయిలో పనిలోకి వచ్చింది. పౌరుల జీపీఎస్‌లో కావాలని కలిపిన దోషాన్ని అమెరికా 2000 మే 2న తొలగించాక దాని కచ్చితత్వం బాగా పెరిగింది.

మానిటరు లెక్క ఇలా ఉంటుంది. యంత్రం 4 మీటర్ల వెడల్పున కోస్తూ సెకనుకు 1 మీటరు కదులుతోందనుకోండి. సెకనుకు 4 చదరపు మీటర్లు కోసినట్టు. ఆ సెకనులో గింజల ప్రవాహం 2 కిలోలైతే చదరపు మీటరుకు అర కిలో, అంటే హెక్టారుకు 5,000 కిలోలు. ఈ అంకెను ఆ క్షణపు స్థానంతో జతచేసి చుక్క పెడితే దిగుబడి పటం తయారవుతుంది. గింజలోని తేమను కూడా కొలిచి సరిచేయాలి.

ఒక చిక్కు ఉంది. కంకి తెగిన చోటు నుంచి గింజ కొలత పరికరం దాకా చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. పది సెకన్లు అనుకుంటే యంత్రం ఆపాటికి పది మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. వందల ఎకరాల అమెరికా చేనులో ఈ జరుగుబాటును సరిదిద్దడం తేలిక, కాస్త మిగిలినా నష్టం లేదు. మన చదరపు ఎకరం ఒక వైపు సుమారు 64 మీటర్లే. పది మీటర్లంటే అందులో ఆరో వంతు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం తెలంగాణలో 1.00 హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు. గట్టు గట్టుకూ తిరిగే అద్దె కోత యంత్రానికి విదేశీ మానిటరు తగిలించినంత మాత్రాన మనకు మంచి పటం రాదు. సాంకేతికత పుట్టిన చోటి పొలం పరిమాణం కూడా దానిలో ఇమిడి ఉంటుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

స్వయం పరీక్ష
(అ) యంత్రం 3 మీటర్ల వెడల్పున, సెకనుకు 1 మీటరు వేగంతో కోస్తూ సెకనుకు 1.2 కిలోల గింజలు ఇస్తే హెక్టారు దిగుబడి ఎంత?
(ఆ) 1847 నాటి గళ్లకూ 1929 నాటి గళ్లకూ ప్రయోజనంలో తేడా ఏమిటి?

7. కార్డు, బీమా, ఫోను

మన దగ్గర కచ్చితత్వ సేద్యం యంత్రం ద్వారా కంటే మట్టి పరీక్ష ద్వారా ఎక్కువగా వచ్చింది. 2000ల తొలి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల కార్యక్రమం కింద కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో ఇక్రిశాట్ రైతులతో కలిసి మట్టి నమూనాలు తీసింది. నత్రజని, భాస్వరాల మాట అలా ఉంచితే గంధకం, జింక్, బోరాన్ లోపాలు విస్తారంగా బయటపడ్డాయి. ఎకరాకు కొద్ది మోతాదులో వాటిని అందిస్తే దిగుబడి పెరిగింది. అంతకుముందు రైతు ఆ నేలను బలంలేని నేల అని సరిపెట్టుకున్నాడు.

2015 ఫిబ్రవరి 19న కేంద్రప్రభుత్వం భూసార ఆరోగ్య కార్డు పథకాన్ని ప్రారంభించింది. పన్నెండు అంశాలను పరీక్షించి రైతుకు కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం. నీటి పారుదల భూముల్లో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక గడి చొప్పున నమూనా తీయాలన్నారు. సగటు కమతం ఒక హెక్టారు ఉన్నచోట పది హెక్టార్ల గడిలో పదిమంది రైతులుంటారు. వాలు మీది చల్క, దిగువ రేగడి ఒకే గడిలో పడవచ్చు. కార్డు మీద పేరు రైతుదే, అంకె మాత్రం గడిది.

సగటు వల్ల కలిగే నష్టం నాకు ఇంటి అనుభవం. నల్లగొండ జిల్లాలో మా నాన్నగారికి మూడున్నర ఎకరాలు ఉండేది. పై రెండెకరాలు చల్క, కింది ఎకరంన్నర రేగడి. 2000ల మొదట్లో ఒక ఏడాది వాన మధ్యలో నిలిచిపోయి పైన వేసిన ఆముదం పూర్తిగా మాడిపోయింది. బ్యాంకు అప్పుతోపాటే బీమా రుసుము కట్టి ఉన్నారు. పరిహారం రాలేదు. మండలం సగటు దిగుబడి నిర్దేశించిన హద్దు కంటే పైన ఉందన్నారు. దిగువ రేగడి గ్రామాలలో పంట నిలబడింది మరి. బీమా సంస్థ నిబంధన తప్పలేదు, లెక్కలో పొరపాటూ లేదు. మా నాన్నగారు ఆ కాగితం చూసి, “ఈ లెక్కలో మన చేను ఏదిరా?” అని అడిగారు. చరిత్ర పాఠం చెప్పే వృత్తిలో ఉండి కూడా ఆనాడు నేను ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పాఠం రాయడానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణం.

ఆ తరువాత కొలమానం చిన్నదవుతూ వచ్చింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ముఖ్య పంటలకు గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుంది. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ పంటలకు ఉపగ్రహ సమాచారం వంటి సాంకేతిక అంచనాలకు దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం పాలు ఇవ్వాలని ఆ పథకంలో నిర్ణయించారు. ఫోను కూడా చేతికి వచ్చింది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగు సందేశాల ద్వారా చెప్పాయి. తెలంగాణ ప్రభుత్వ ‘సాగు బాగు’ కార్యక్రమం ఖమ్మం జిల్లాలో మిరప రైతులకు మట్టి పరీక్ష, నాణ్యత పరీక్ష, ఫోను సలహాలు అందించింది.

8. పటం ఎవరిది?

ఈ చరిత్ర మొత్తాన్ని ఒక ప్రశ్న చుట్టూ కూర్చవచ్చు: పటం ఎవరి పేరు మీద ఉంటుంది? శిస్తు పటం పట్టాదారు పేరుకు ముడిపడింది. నేటి సమాచారం కూడా ఎక్కువగా భూమి రికార్డుకే ముడిపడుతోంది. కాని నేలను రోజూ చూసేది, ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ మూల మొక్క పసుపు పచ్చబడుతుందో తెలిసినది సాగుచేసే మనిషికి. తెలుగు రాష్ట్రాలలో ఆ మనిషి చాలాచోట్ల కౌలుదారు. 2011 నాటి ఆంధ్రప్రదేశ్ భూ అధీకృత సాగుదారుల చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు గుర్తింపు పత్రం ఇవ్వడానికి వచ్చినవే. ఆ పత్రం లేని కౌలుదారుకు చేను పటం ఎంత సూక్ష్మంగా గీసినా దానివల్ల కలిగే అప్పు, బీమా, సలహా చేరడం కష్టం.

రెండో ప్రశ్న పటాన్ని చదవడం గురించి. ఒక మూల దిగుబడి తక్కువ అని పటం చెబుతుంది, ఎందుకు తక్కువో చెప్పదు. జింక్ లోపమైతే అక్కడ కొంచెం జింక్ వేయాలి. నేల లోతు జానెడే అయితే అక్కడ ఎరువు తగ్గించాలి. ఒకే ఎర్ర చుక్కకు రెండు వ్యతిరేకమైన మందులు. ఏది సరైనదో తేల్చేది పార, మట్టి పరీక్ష, సాగుదారు అనుభవం. పైగా వాన బాగా పడిన ఏడాది తక్కువ అనిపించిన మూల కరువు ఏడాది ఎక్కువ కావచ్చునని రెండో భాగంలో చెప్పుకున్నాం. అందుకే ఒక్క ఏడాది పటాన్ని నమ్మి నిర్ణయం తీసుకోకూడదు. కనీసం మూడు నాలుగేళ్ల పటాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. పాత సర్వే ఉద్యోగికి ముప్ఫై ఏళ్లకు ఒకే అంకె చాలింది, రైతుకు చాలదు.

9. సారాంశం

తెలుగు నేలల్లో దిగుబడి పటం మొదట శిస్తు కోసం పుట్టింది. బొంబాయి పద్ధతిలో చేను లోపలి తేడాను గళ్లలో నమోదు చేసినా చివరికి సగటుగా మార్చారు. ఇరవయ్యో శతాబ్దంలో పంట కోత ప్రయోగాలు ఆ సగటును నమ్మదగినదిగా చేశాయి. 1970ల నుంచి హైదరాబాదు పరిసరాల సంస్థలు నేలను బట్టి సేద్యం మార్చడాన్నీ, పైనుంచి పంటను చూడడాన్నీ అభివృద్ధి చేశాయి. ఉపగ్రహపు చుక్క గుంట పరిమాణానికి దిగింది. చేను లోపలి తేడాను చూడడం ఇప్పుడు సాంకేతికంగా సాధ్యమే. ఆ సమాచారం సాగుచేసేవారి చేతికి, వారికి అర్థమయ్యే రూపంలో చేరడం ఇంకా మిగిలిన పని.

10. కృత్యం

మీ ఊరిలో లేదా దగ్గరి గ్రామంలో సాగుచేస్తున్న ఒకరిని అడిగి వారి చేను ఆకారాన్ని కాగితం మీద గీయండి. ఎనిమిది గళ్లుగా విడదీయండి. ప్రతి గడిలో నేల పేరును సాగుదారు ఏమంటారో అదే మాటలో రాయండి. కోత సమయంలో పైభాగం, దిగువభాగం బస్తాలను విడిగా లెక్కపెట్టించండి. ఇందుకు జీపీఎస్ అవసరం లేదు. గీసిన కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకుని, అసలు ప్రతిని సాగుదారుకు ఇవ్వండి. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి ఆ పక్కనే రెండో పటం గీయండి.

11. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. మద్రాసు, బొంబాయి పద్ధతుల్లో నేలల వర్గీకరణను పోల్చి రాయండి.
2. పంట కోత ప్రయోగాల చారిత్రక ప్రాధాన్యాన్ని, పరిమితులను చర్చించండి.
3. చిన్న కమతాలున్న ప్రాంతాలలో కచ్చితత్వ సేద్యానికి ఎదురయ్యే సమస్యలేవి? ఉదాహరణలతో వివరించండి.
4. “సగటు ఎవరి అవసరం కోసం పుట్టిందో వారికే బాగా ఉపయోగపడుతుంది.” ఈ పాఠం ఆధారంగా వ్యాఖ్యానించండి.